స్టీలు ఊళ్లో కాగితం గ్లాసు: టాటానగర్ తెలుగువారికి సులభ మోక్ష చిట్కాలు

ఆధ్యాత్మికంగా ఎదగడం చాలా కష్టమని ఎవరో పుకారు పుట్టించారు. నమ్మకండి. ముప్పై ఆరేళ్లు టాటా కంపెనీలో చేసి, రిటైరై, కదమాలో కూర్చుని చెబుతున్నాను: ఒళ్లు వంచకుండా ఎదగొచ్చు. నేను ఎదిగాను. మా వీధిలో నాకంటే ఎత్తుకి ఎదిగింది వాటర్ ట్యాంకు ఒక్కటే.

మన తాతలు శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ రేకు పెట్టెలు పట్టుకుని ఇక్కడ దిగినప్పుడు ఊరి పేరు సాక్చీ, స్టేషన్ పేరు కాలిమాటి. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. స్టేషన్ టాటానగర్ అయింది. పొలం పోయి ఫర్నేస్ వచ్చింది. పంచె పోయి ప్యాంటు వచ్చింది. పిల్లలకి తెలుగు పోయి హిందీ వచ్చింది. పెట్టె అడుగున మడతపెట్టి తెచ్చుకున్న కులానికి మాత్రం ఇస్త్రీ నలగలేదు. ఆ ఇస్త్రీ నలక్కుండా మోక్షం దాకా ఎలా వెళ్లాలో కింద వరసగా ఇస్తున్నాను. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి. వద్దులెండి, లేవకండి. చదివితే చాలు.

1. సాధన చెయ్యకండి. వారసత్వం చూపించండి.

తాతగారు చేసిన జపం పీఎఫ్ లాంటిది. ఆయన కట్టారు, మీరు వడ్డీ తినండి. ఒకప్పుడు తండ్రి నౌకరీ కొడుక్కి వచ్చేది కదా, బ్రహ్మజ్ఞానమూ అదే లెక్క. ‘మీరేం సాధన చేస్తారండీ’ అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పకండి. నెమ్మదిగా నవ్వి, ‘మా ముత్తాతగారు ఘనాపాఠీ’ అనండి. ముత్తాతగారు నిజంగా ఏం చేసేవారో ఎవరూ శ్రీకాకుళం వెళ్లి కనుక్కురారు. రైలు టికెట్టు దొరకడమే కష్టం.

2. షిఫ్టుకి సంధ్య అడ్డం పెట్టండి, సంధ్యకి షిఫ్టు అడ్డం పెట్టండి.

కంపెనీలో ‘ఏ’ షిఫ్టు పొద్దున్న ఆరింటికి. సంధ్యావందనం ఎందుకు మానేశారంటే ‘ఏ షిఫ్టండీ’ అనండి. షిఫ్టుకి ఎందుకు ఆలస్యమైందంటే ‘సంధ్యావందనమండీ’ అనండి. రెండింటి మధ్యా హాయిగా ఓ అరగంట నిద్ర మిగులుతుంది. బ్రహ్మముహూర్తానికి అలారం మాత్రం తప్పక పెట్టండి, మీ ఆవిడ ఫోన్లో. ఆవిడ లేచి గిన్నెలు తోముతూ ఉంటే ఆ చప్పుడు మీ కలలో గంటల్లా వినిపిస్తుంది. దాన్ని అనాహత నాదం అంటారు. రిటైరైన వాళ్లకి షిఫ్టు సాకు ఉండదు కదా అని దిగులు పడకండి. మోకాళ్లున్నాయి.

3. కులం అడగకండి. తెలుసుకోండి.

అడగడం మోటు. మనం చదువుకున్నవాళ్లం. ఎదురింట్లో కొత్తగా తెలుగు కుర్రాడు దిగాడనుకోండి, ఇలా మొదలుపెట్టండి.

‘ఏ ఊరు నాయనా?’

‘పాలకొండ దగ్గరండీ.’

‘ఆహా, మంచి ఊరు. రామకోవెల వైపా, చెరువుగట్టు వైపా?’

సగం పని ఇక్కడే అయిపోతుంది. మన ఊళ్లలో ఏ దిక్కున ఏ ఇళ్లుంటాయో మీకు తెలుసు, అతనికీ తెలుసు, మీకు తెలుసని కూడా అతనికి తెలుసు. కుర్రాడు తెలివైనవాడైతే ‘ఊరి మధ్యనండీ’ అంటాడు. అప్పుడు ఇంటిపేరు అడగండి. ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉండేదైతే మేనమామ ఇంటిపేరు అడగండి. అదీ తేలకపోతే ‘ఆదివారం ఏం వండుకుంటారు నాయనా’ అనండి. ఇవేవీ పనిచెయ్యకపోతే ఆఖరి అస్త్రం ఉంది. ‘వృద్ధిలోకి రా బాబూ’ అంటూ ఆప్యాయంగా భుజం తట్టండి. చెయ్యి చొక్కా మీంచి కొద్దిగా జరపండి. జంధ్యం ముడి తగిలిందా, లోపలికి పిలవండి. తగల్లేదా, వరండాలో ఫ్యాను బాగుందని చెప్పండి.

నలభై ఏళ్లలో ఈ పద్ధతి నాకు ఒక్కసారే బెడిసింది. ఓ కుర్రాడు నేను తట్టగానే ‘లేదండీ, వెతక్కండి’ అన్నాడు. పెంపకం బాగాలేదు.

4. కాగితం గ్లాసులు కొనండి.

ఈ చిట్కాలన్నిటికీ ఇదే ప్రాణం. జాగ్రత్తగా చదవండి.

మన ఊళ్లలో టీకొట్లో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. దళితులకి విడిగా ఓ గ్లాసు, చూరులో దోపి ఉండేది. తాగి, కడిగి, మళ్లీ వాళ్లే దోపాలి. దాని మీద పత్రికల్లో రాశారు, కేసులు పెట్టారు, సభలు పెట్టారు. పెద్ద రభస. కాగితం గ్లాసు వచ్చి ఆ రభస అంతా ఒక్క దెబ్బతో తీర్చేసింది. వచ్చినవాడికి కాగితం గ్లాసులో టీ ఇవ్వండి. అతను తాగి పారేస్తాడు. సాక్ష్యం చెత్తబుట్టలో పడుతుంది. పైగా ‘ఎంత పరిశుభ్రతండీ మీకు’ అని మెచ్చుకుంటాడు కూడా.

ఒకే ఒక్క చిక్కు. మనం ఉన్నది స్టీలు ఊళ్లో. 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మ పోసిన దగ్గర్నుంచీ ఇక్కడ ఉక్కు తప్ప ఇంకోటి లేదు. అలాంటి ఊళ్లో ఇంటికొచ్చిన పాత షిఫ్టు మేటు కాగితం గ్లాసు కేసి ఓసారి, షెల్ఫులో తళతళలాడే స్టీలు గ్లాసుల కేసి ఓసారి చూస్తాడు. కంగారు పడకండి. ‘పనిమనిషి రాలేదు, కడిగేవాళ్లు లేరు’ అనండి. ఆ సమయానికి పనిమనిషి వెనకాల గిన్నెలు కడుగుతూ ఉంటే కాస్త గట్టిగా దగ్గండి.

పనిమనిషంటే గుర్తొచ్చింది. ఆవిడకి వేరే కప్పు సింకు కింద పెట్టండి. వంటింట్లోకి రావొద్దని చెప్పండి, కానీ వంటింటి నేల ఆవిడే తుడవాలి. దేవుడి ఇత్తడి సామాను తోమించుకోండి, తర్వాత నాలుగు చుక్కలు కుళాయి నీళ్లు చల్లి శుద్ధి చెయ్యండి. ఆ కుళాయి నీళ్లు ఊరందరివీనూ. వాటిని ఫిల్టర్ హౌసులో ఎవరు శుద్ధి చేశారు, పైపులు ఎవరు దింపారు, వాల్వు ఎవరు తిప్పారు అన్నది మాత్రం ఆలోచించకండి. ఆలోచించడం మొదలుపెడితే దాహంతో పోతారు.

కంపెనీ క్యాంటీన్లో అందరితో కలిసి తిన్నది లెక్కలోకి రాదు. అది ఆపద్ధర్మం. పైగా అక్కడ రేటు తక్కువ.

5. మాట మార్చండి. పని అదే చెయ్యండి.

‘అంటరానితనం’ అనే మాట నోటి వెంట రానీయకండి. 1950 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న రాజ్యాంగం 17వ అధికరణంలో దాన్ని రద్దు చేశారు. ఆ మాటనే కదా రద్దు చేసింది. నిఘంటువులో ఇంకా బోలెడు మాటలున్నాయి. మీ అమ్మగారి కాలంలో ‘మడి’ అనేవారు. మీరు ‘శుచి’ అనండి. మీ అబ్బాయి ‘హైజీన్’ అంటాడు. బెంగుళూరులో ఉన్న కోడలు ‘వైబ్రేషన్స్’ అంటుంది. నాలుగు మాటలూ ఒకే గుమ్మం ముందు ఆగుతాయి. మన ఉల్లిపాయ లేని ఉప్మాని ‘సాత్వికాహారం’ అనండి, ఎదుటివాడి కూరని ‘వాసన’ అనండి.

6. గ్రంథాలు చదవకండి. మొయ్యండి.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే మన గ్రంథాలే మనకి ఎక్కువ అన్యాయం చేశాయి.

గీత నాలుగో అధ్యాయంలో చాతుర్వర్ణ్యం నేనే సృష్టించానని కృష్ణుడు అన్నాడు. బావుంది. అక్కడ ఆగితే ఎంత బాగుండేది. గుణాన్నీ కర్మనీ బట్టి అని వెంటనే తోక తగిలించాడు. కాబట్టి ఆ శ్లోకం చెప్పేటప్పుడు మొదటి మాట గట్టిగా అనండి, రెండో మాట దగ్గర దగ్గు తెచ్చుకోండి.

అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడి కథ ఇంకా ప్రమాదం. కౌశికుడనే బ్రాహ్మడు తపస్సు చేసి చేసి, తన మీద రెట్ట వేసిన కొంగని ఒక్క చూపుతో మాడ్చేశాడు. అంత శక్తి! మనకి కావలసింది అదే. అక్కడితో కథ ముగించాల్సింది. కానీ ఆయన భిక్షకి వెళ్తే ఓ ఇల్లాలు మొగుడికి వడ్డిస్తూ ఈయన్ని గుమ్మంలో నిలబెట్టింది. కోపంగా చూస్తే ‘నేను కొంగని కాను’ అంది. అడవిలో కొంగ సంగతి ఈవిడకెలా తెలిసింది అని ఆయన బిత్తరపోతే, ధర్మం తెలియాలంటే మిథిలలో మాంసం అమ్ముకునే అతని దగ్గరికి పొమ్మంది. వెళ్లాడండీ! మాంసం కొట్టు ముందు నిలబడి, ఓ బోయవాడి దగ్గర ధర్మం నేర్చుకుని వచ్చాడు. ఈ కథ పిల్లలకి చెప్పవలసి వస్తే కొంగ మాడిన చోట ఆపి పడుకోబెట్టండి.

ఛాందోగ్యంలో సత్యకాముడు ఉన్నాడు. గోత్రం ఏమిటో తల్లి జబాలకే తెలియదు. గురువు గోత్రం అడిగితే కుర్రాడు ఆ మాటే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆ గౌతముడు ఏం చేశాడు? నిజం చెప్పావు, నువ్వే బ్రాహ్మడివి అని ఉపనయనం చేశాడు. పాలకొండ కుర్రాణ్ని మనం అన్ని ప్రశ్నలు వేశామే, ఆ గురువుకి కనీసం మేనమామ ఇంటిపేరు అడగాలని తోచలేదు. తర్వాత 400 బక్క ఆవుల్ని ఇచ్చి వాటి వెంట పొమ్మన్నాడు. అవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని కుర్రాడే అన్నాడు. చూశారా ఎంత చాకిరీయో. మన మార్గంలో ఆవులు లేవు.

వజ్రసూచికోపనిషత్తు జోలికి అసలు పోకండి. బ్రాహ్మడంటే జీవుడా, దేహమా, జాతా, జ్ఞానమా, కర్మా అని ఒక్కోటీ ఎత్తి పడేస్తుంది. కాశీలో శంకరులవారు దారికి అడ్డంగా ఉన్న చండాలుణ్ని తప్పుకోమంటే, తప్పుకోవలసింది దేహమా ఆత్మా అని అతను తిరిగి అడిగాడనీ, దాంతో మనీషా పంచకం పుట్టిందనీ చెబుతారు. ఇలాంటివన్నీ పట్టుగుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పై అరలో పెట్టండి. రోజూ పసుపూ కుంకుమా వెయ్యండి. పసుపు పట్టిన పుస్తకాన్ని విప్పేవాడు ఉండడు.

7. సమానత్వాన్ని బయట ఊళ్లో దర్శించుకోండి.

రామానుజులవారు గురువు రహస్యంగా ఇచ్చిన మంత్రాన్ని తిరుక్కోట్టియూర్ గోపురం ఎక్కి అందరికీ వినపడేలా చెప్పేశారట. ఎంత తొందరపాటు! అయినా ఆయన్ని గౌరవించాలి. హైదరాబాద్ వెళ్లినప్పుడు ముచ్చింతల్‌లో 216 అడుగుల సమతామూర్తి దగ్గర ఫొటో దిగండి. 2022లో ప్రారంభమైంది, పార్కింగ్ బాగుంది. అంత ఎత్తున ఉన్న సమత కిందికి దిగి మన క్వార్టర్‌లోకి రావడం కష్టం.

మంత్రం బదులు మీరు వైఫై పాస్‌వర్డ్ దాచండి. ఫలితం అదే.

అన్నమయ్య సమానత్వం మీద పాడిన కీర్తనని అమ్మాయి చేత బౌళి రాగంలో పాడించండి. రాగం బాగుంటే అర్థం ఎవరికీ వినపడదు. పోతులూరి వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం చెప్పండి, కరెంటు గురించీ రైలు గురించీ ముందే చెప్పారని ఆశ్చర్యపోండి. ఆయన శిష్యుల్లో దూదేకుల సిద్ధయ్యా, మాదిగ కక్కయ్యా ఉన్నారన్న చోట ఫోన్ మోగినట్టు లేవండి.

8. జంషెట్‌జీ గురించి గర్వపడండి, కొద్దిగా.

1893లో యోకోహామా నుంచి వాంకూవర్ వెళ్లే ఓడలో టాటాగారూ వివేకానందుడూ కలిసి ప్రయాణం చేశారు. ఇది అందరికీ చెప్పండి. మీరే ఆ ఓడలో టీ అందించినట్టు చెప్పండి. మన మతం వంటింట్లో దూరి కూర్చుందని ఆ వివేకానందుడే వెటకారం చేసిన సంగతి చెప్పకండి. టాటాలది నవ్‌సారీలో పార్సీ పురోహితుల వంశమని చెప్పండి, ‘చూశారా, పుట్టుక’ అనండి. తండ్రి నసర్వాన్‌జీ ఆ పౌరోహిత్యం వదిలేసి వ్యాపారంలో దిగాడనీ, దిగకపోతే ఈ ఊరే లేదనీ గొణగండి.

9. అడవిబిడ్డల్ని దూరం నుంచి గౌరవించండి.

ఈ నేల హో, సంథాల్, భూమిజ్ వాళ్లది. మనం రైలు దిగేసరికే వాళ్ల సాలచెట్లకి వాళ్ల పూజ ఉంది. సర్హుల్ పండగ ఊరేగింపు వస్తే బాల్కనీలోంచి వీడియో తీసి ‘మన సంస్కృతి’ అని స్టేటస్ పెట్టండి. 2022లో ద్రౌపదీ ముర్ముగారు రాష్ట్రపతి అయినప్పుడు మా వీధిలో మొదటి లడ్డూ నేనే పంచాను. పక్క వాటాలో ఓ సంథాల్ మాస్టారు అద్దెకి అడిగితే మాత్రం, మా చెల్లెలు కుటుంబం రాబోతోందని చెప్పాను. నాకు చెల్లెళ్లు లేరు. రాష్ట్రపతి భవన్‌కి అద్దె సమస్య లేదు కదా.

10. సర్టిఫికెట్టు విషయంలో కులం పోయిందనండి. పెళ్లి విషయంలో ఉందనండి.

మర్రి చంద్రశేఖరరావు కేసు గుర్తుపెట్టుకోండి. ఆంధ్రలో షెడ్యూల్డు తెగ అయిన తెలుగు విద్యార్థి బొంబాయి మెడికల్ కాలేజీలో ఆ కోటా అడిగితే, వలస వెళ్లిన రాష్ట్రంలో అది చెల్లదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. అంటే మన తెలుగు మాలలూ మాదిగలూ తీసుకెళ్లే కాగితం రాష్ట్రం దాటితే ఆగిపోతుంది. కాగితం ఆగుతుంది, కులం ఆగదు. అదే రైల్లో, అదే బోగీలో, టికెట్ లేకుండా దిగి, వాళ్లకంటే ముందు మన వరండాకి చేరుతుంది. ఇంత చక్కని ఏర్పాటు మనం చెయ్యమన్నా ఎవరూ చెయ్యలేరు. వాళ్లబ్బాయికి సీటు రాకపోతే ‘ఇక్కడ కులాలేమిటండీ, అందరం టాటావాళ్లం’ అని ఓదార్చండి.

11. పిల్లల పెళ్లి.

ఇక్కడ జాగ్రత్త. కల్యాణ పట్నంలో 12వ శతాబ్దంలో బసవన్న మనుషులు మధువరసయ్య కూతుర్ని, చెప్పులు కుట్టే హరళయ్య కొడుక్కి ఇచ్చారు. రాజు బిజ్జలుడు ఆ తండ్రులిద్దర్నీ చంపించాడంటారు. మన తెలుగువాడు గోరాగారు తన కూతుర్ని ఓ దళితుడికి ఇస్తానంటే గాంధీగారు పెళ్లి సేవాగ్రామ్‌లో చేద్దామన్నారు. ఆయన హత్య తర్వాత 1948లో అక్కడే జరిగింది. ఇవి పిల్లల చెవిన పడనీయకండి. వాళ్లకి ఇంజినీరింగు చెప్పించండి.

మా అమ్మాయికి అలాగే చెప్పించాను. పుణేలో రిజిస్ట్రారు ఆఫీసులో చేసుకుంది. నేను సూత్రం తప్పలేదు, వెళ్లలేదు. అక్షింతలు కొరియర్ చేద్దామని మా ఆవిడ అంది. కొరియర్ కుర్రాడు ఎవరో ఏమో అని మానిపించాను. మనవడికి నాలుగో ఏడట. ఫొటో చూశాను. ముక్కు మాత్రం మన కులందే.

12. భుజం జాగ్రత్త.

తిరుప్పాణాళ్వార్‌ని శ్రీరంగనాథుడి ఆజ్ఞ మీద లోకసారంగ ముని తన భుజాల మీద గుళ్లోకి మోసుకెళ్లాడని వైష్ణవులు చెబుతారు. కథ కదా పోన్లే అనుకుంటే, 2018లో హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి గుళ్లో చిలుకూరు అర్చకులు నిజంగానే ఓ దళిత భక్తుణ్ని భుజాల మీద ఎక్కించుకుని లోపలికి తీసుకెళ్లారు. ఇది అంటువ్యాధిలా మన ఊరికి వస్తే ఏం చేస్తారు? స్పాండిలైటిస్ ఉందని డాక్టరు చేత ఇప్పుడే రాయించి ఉంచుకోండి. నేను రాయించాను.

అయితే ఒకనాటికి మనకే నాలుగు భుజాలు కావాలి. అందులో సరైన నాలుగు భుజాలు కావాలి. నేను లెక్క చూసుకున్నాను. కొడుకు కెనడా. బావమరిది పోయాడు. మన కులంవాళ్లు సోనారీలో ఇద్దరున్నారు, ఇద్దరికీ నాకంటే మోకాళ్లు అన్యాయం. పిలవకపోయినా వచ్చి నిలబడేది ఆ పాత షిఫ్టు మేట్లే, కాగితం గ్లాసులో టీ తాగి వెళ్లినవాళ్లే. ఇంకో మార్గం ఉంది. శవవాహనం నంబరు ఫోన్లో సేవ్ చేసుకోండి. డ్రైవరుది ఏ ఊరో, రామకోవెల వైపో చెరువుగట్టు వైపో ముందే అడిగి ఉంచుకోండి. ఆ రోజు అడగడానికి వీలు కాదు.

గ్లాసులు సాక్చీ బజార్లో హోల్‌సేల్‌గా దొరుకుతాయి, పెద్ద కట్ట తీసుకుంటే కలిసొస్తుంది. మా ఇంట్లో రెండేళ్ల కిందట కొన్న కట్ట ఇంకా విప్పలేదు. ఈమధ్య మా ఇంటికి ఎవరూ రావడం లేదు. కావలసినవాళ్లు వచ్చి పట్టుకెళ్లండి. వరండాలో ఫ్యాను బాగుంటుంది.